వేడి మీద మూత

మా ఓవెన్ వంటింట్లో ఉండదు. హాల్లో టీవీ పక్కన, ఒకప్పుడు కుట్టు మిషన్ ఉన్న చోట ఉంటుంది. వంటింటి ప్లగ్గు మిక్సీ తిప్పితేనే వేడెక్కిపోతుంది మరి. టెల్కో కాలనీలో ఈ క్వార్టర్లు కట్టిన రోజుల్లో మాబోటి వాళ్ళు ఓవెన్లు కొంటారని ఎవరనుకున్నారు? అందుకని నేనేం కాల్చినా హాల్లోనే, అందరి కళ్ళ ముందే, అందరి సలహాలూ వింటూ కాల్చాలి. అందరూ అంటే ఇద్దరే, మా ఆయనా మా అమ్మాయీ. నా ప్రాణం తీయడానికి ఆ ఇద్దరూ చాలు.

ఆ ఓవెన్ మా ఆయన గుండె వల్ల వచ్చింది. ఆయన పనిచేసేది ట్రక్కుల గేర్లను కొలిమిలో ఎర్రగా కాల్చి గట్టిపరిచే షాపులో. షాపు అంటే దుకాణం కాదు, కంపెనీ లోపల పని జరిగే పెద్ద షెడ్డు. వయసంతా ఆ కొలిమి ముందే గడిచింది. మొన్న నడి ఎండాకాలంలో ఒక ఉదయం డ్యూటీలో ఉండగానే గుండెల్లో పట్టేసింది. ఆసుపత్రిలో ఒక రక్తనాళంలో స్టెంట్ వేశారు. పెద్ద డాక్టరు నన్ను తన గదిలోకి పిలిచాడు. ఇంకో నాళం కూడా సన్నబడుతోంది, నూనె సరుకు పూర్తిగా మాన్పించాలి, రక్తంలో కొవ్వు తగ్గకపోతే ఈసారి ఛాతీ కోసి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది అన్నాడు. మూడు నెలలయ్యాక పరీక్షకు రమ్మన్నాడు. మా ఆయన తినేది నా చేతి వంట. అంటే ఆ ఛాతీ కొయ్యాలా వద్దా అన్న సంగతి డాక్టరు తెచ్చి నా వంటింట్లో పెట్టేశాడన్నమాట. ఆ రోజు నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు.

అన్నం, పప్పు, కూర మార్చడం కష్టం కాలేదు. కష్టమంతా టీ దగ్గరే. మా ఆయన నాకు మేనమామ కొడుకు. చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుస్తాను. పెళ్ళయిన మొదటి వారంలోనే నాకు చెప్పేశాడు: "టీతో పాటు పంటి కింద కరకరలాడేది ఏదోటి ఉండాల. నేకపోతే అది టీయే కాదు." ఇన్నేళ్ళుగా జంతికలు, చెగోడీలు, పకోడీలు, సాక్చి బజారు నుంచి తెచ్చిన మిక్చరు. మా ఇంట్లో నూనె మూకుడు పొయ్యి దిగిన రోజు తక్కువ. ఇప్పుడు ఒట్టి టీ గ్లాసు ముందు పెడితే కాసేపు గ్లాసు వైపు, కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఏం కావాలో చెప్పడు, ఏం బాధో చెప్పడు. బెల్లం కొట్టిన రాయే.

మా అమ్మాయి సాక్చిలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. అదే తన జీతంతో ఈ ఓవెన్ కొని ఆటోలో వేసుకొచ్చి, ఫోనులో ఒక వీడియో చూపించింది. తళతళలాడే వంటగదిలో ఎవరో ఒకావిడ. టోర్టిల్లాలని పల్చటి మొక్కజొన్న రొట్టెలట. ప్యాకెట్లోంచి తీసింది, కత్తెరతో ముక్కోణాలుగా కత్తిరించింది, పైన కాస్త నూనె రాసి ఓవెన్లో పెట్టింది, తీసింది, కెమెరా ముందుకొచ్చి ఒకటి కొరికింది. కరుక్కుమని మోగింది. కొన్న చిప్స్ కంటే ఒంటికి ఎంతో మంచివట. చిటికెలో అయిపోతాయట. ఆ వీడియో ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే.

సాక్చిలో టోర్టిల్లా అని అడిగితే కిరాణా కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. ఫోనులో బొమ్మ చూపిస్తే నవ్వేసి, "రోటీ హీ తో హై, భాభీజీ" అని మకై ఆటా పొట్లం చేతిలో పెట్టాడు. రొట్టే కదా, మొక్కజొన్న పిండే కదా, ఇందులో ఏముంది అనుకుంటూ నేనూ ఇంటికొచ్చాను. అక్కడ మొదలైంది నా ఖర్మ.

మొక్కజొన్న పిండికి జిగురుండదు. చన్నీళ్ళతో కలిపితే వత్తుతుండగానే విరిగిపోయింది. వేణ్ణీళ్ళతో కలిపితే అప్పడాల కర్రకు అంటుకుంది. గుప్పెడు గోధుమ పిండి కలిపి, రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి ఒత్తితే ఏదో రొట్టె ఆకారం వచ్చింది. వాటిని కోసి, ఉప్పు, కారం, నలిపిన జీలకర్ర చల్లి, పల్లెంలో పేర్చి హాల్లోకి తెచ్చేసరికి మా ఆయన ఓవెన్ ఎదురుగా కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. కాల్చడం అంటే ఆయన సొంత విషయం కదా!

"ముందు ఫర్నేసు హీటెక్కనీ. లోడు తరవాత పెట్టు."

"ఇది ఫర్నేసు కాదు బావా."

"ఏదైనా ఒకటేనే. అన్నిసార్లు తలుపు తెరుత్తావేటి? హీటంతా బయటికి పోతన్నాది."

"నువ్వు నోరు మూసుకుని కూకో."

మొదటి వాయి అంచులు మాడి, నడుమ పచ్చిగా దిగింది. నేను అట్లకాడ తేవడానికి వంటింట్లోకి వెళ్ళొచ్చేలోపు ఆ మనిషి పల్లెం ఎత్తి వేడివేడి ముక్కల్ని స్టీలు డబ్బాలో కుమ్మరించి మూత బిగించేశాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. మూత తీస్తే లోపలంతా ఆవిరి. ఉన్న కాస్త పెళుసుదనం కూడా పోయి అన్నీ సాగుతున్నాయి. మా అమ్మాయి ఒకటి తీసి అటూ ఇటూ లాగి, "మమ్మీ, యే తో చప్పల్ హై" అంది. చెప్పు తోలుతో పోల్చాక ఇంకేం మిగిలింది?

"ఎవరు మూతెట్టమన్నారు నిన్ను?"

"వేడి మీదే మూతెట్టాలే. నెమ్మదిగా సల్లారాల. గాలికి వదిలీకూడదు."

ఆ చెప్పుతోలు ముక్కల్ని ఆయన ఒక్కొక్కటే టీలో అద్దుకుంటూ ఇష్టంగా తిన్నాడు. రెండో గ్లాసు టీ కూడా అడిగాడు. "ఇవే బాగున్నాయి, ఇలాగే సేసీ" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మిగిలినవి తీసుకెళ్ళి వీధిలో ఆవుకు పెట్టేశాను. ఆయన గుమ్మంలో నిలబడి, "అదేటే, అలా పారేత్తన్నావు!" అని నిజంగానే బాధపడ్డాడు. మా అమ్మాయి కూడా, నాన్నకు నచ్చితే అలాగే ఉండనివ్వొచ్చు కదా అని హిందీలో సణిగింది. నాకు పౌరుషం వచ్చేసింది. ఇన్నేళ్ళు కరకరలాడే జంతికలు వండిన చేయి ఇది. ఈ మనిషికి ఓవెన్లో కూడా కరకర తెప్పించి తీరాలి అనుకున్నాను.

తర్వాతి రోజుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే. మందంగా ఒత్తితే లోపల మెత్తన, పల్చగా ఒత్తితే పై పల్లెంలోవి నల్లన. నూనె రాయకపోతే కారం అంటదు, రాస్తే డాక్టరు మొహం గుర్తొస్తుంది. బయట ఎండ మండిపోతుంటే హాల్లో ఓవెన్ ముందు చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని. ముంజేతి మీద రెండు చోట్ల కాలింది. వెనక నుంచి ఆ ఫర్నేసు పురాణం ఆగదు. ప్రతి వాయికీ అదే మాట, వేడి మీదే డబ్బాలో ఎట్టీ, మూతెట్టీ అని. నేను పల్లెం బయటికి తీసి జల్లెడ మీద ముక్కలు ఆరబెడితే, చెరువుకు గండి పడినంత కంగారుగా లేచొచ్చేవాడు. "సల్లారిపోతన్నాయే!" అని. చల్లారితేనే కదా పెళుసుబడతాయి! "బావా, ఇంకోసారి ఆ మూత ముట్టుకున్నావంటే నేను వంటే మానేత్తాను. నోరు మూసుకుని పెట్టింది తిను" అని ఒక రోజు గట్టిగా కసిరేశాను. ఆ తర్వాత మూత గురించి మాట్లాడడం మానేశాడు.

చివరికి దారి దొరికింది. రొట్టెను అప్పడమంత పల్చగా ఒత్తి, ముందు పెనం మీద రెండు వైపులా తడి ఆరేదాకా కాల్చి, అప్పుడు కోసి, చేతికి ఒక్క చుక్క నూనె రాసుకుని ముక్కలకు పట్టించి, ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి, సగంలో పల్లెం తిప్పి, దించాక జల్లెడ మీద పూర్తిగా ఆరనిచ్చాను. ఒకటి విరిచి చూస్తే ఠప్పుమంది. వీడియో ఆవిడ గుర్తొచ్చి, ఇప్పుడు రావే అనుకున్నాను. సీతారాండేరాలో ఉన్న మా అక్కకు ఫోన్ చేసి, ఫోను దగ్గర పెట్టి మరీ కొరికి వినిపించాను.

మా ఆయన మాత్రం ఒకటి నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. చిన్న చప్పుడేదో వచ్చింది. "బాగున్నాది" అన్నాడు, టీ తాగాడు, లేచాడు. అంతే. మెచ్చుకోవడానికి ఈ మనిషికి నోరు రాదు, ఎప్పుడొచ్చింది కనుక అని సరిపెట్టుకున్నాను. "షాపుకి కట్టియ్యి, అక్కడ నెమ్మదిగా తింటాను" అన్నాడు. సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరాడప్పటికి. కొలిమి దగ్గరికి పోనివ్వకుండా, కూర్చుని గేర్లు పరీక్ష చేసే పని ఇచ్చారు. రోజూ అన్నం గిన్నెతో పాటు చిప్స్ డబ్బా కూడా కట్టేదాన్ని. రోజూ డబ్బా ఖాళీగా, అడుగున కారం పొడి తప్ప ఏమీ లేకుండా తిరిగొచ్చేది. ఆ ఖాళీ డబ్బా కడుగుతుంటే నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

మూడు నెలలకు పరీక్ష చేయించాం. డాక్టరు కాగితం చూసి, నా వైపు చూసి, "క్యా ఖిలాతీ హైఁ ఆప్ ఇన్‌కో?" అని అరిచాడు. ఏం పెడుతున్నారు ఈయనకు అని. కొవ్వు తగ్గకపోగా పెరిగిందట. వరండాలో కూర్చున్న వాళ్ళందరూ లోపలికి తొంగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఓవెన్, మొక్కజొన్న పిండి, ఒక్క చుక్క నూనె అని ఏదో చెప్పబోయాను. డాక్టరు వినలేదు. ఇంకో రెండు నెలలు చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే ఆపరేషన్‌కు తేదీ రాసేస్తాను అన్నాడు.

ఆటోలో ఇంటికొస్తుంటే దారి పొడుగునా అరిచాను. "బయటేటైనా తింటన్నావా బావా? నిజం సెప్పు. నీ గుండె నీకు అక్కర్నేదేమో గానీ నాకు కావాల." ఆయన రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. అరగంటసేపు నేనొక్కదాన్నే మాట్లాడాను. ఆటోవాడికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాలుగు వీధులకు తెలిసేది. ఇంటికొచ్చాక నాకు తోచింది నేను చేశాను. ఆ ఒక్క చుక్క నూనె కూడా మానేశాను, గోధుమ పిండి మానేశాను, ఇంకాసేపు కాల్చాను. చిప్స్ ఇంకా గట్టిగా తయారయ్యాయి. డబ్బా మాత్రం ఎప్పటిలాగే ఖాళీగా తిరిగొచ్చేది.

ఇలా ఉండగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే కంపెనీ గేట్లు ఇంటివాళ్ళకు తెరుచుకునే రోజు. మిగతా రోజులంతా మనం గేటు బయటే ఆగిపోతాం. ఆ ఒక్క రోజు భార్యాపిల్లలు పాసులు పట్టుకుని కొత్త బట్టల్లో లోపలికి వెళ్ళి, ఇంటాయన పనిచేసే చోటు చూడొచ్చు. నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. కొలిములన్నీ చల్లారి ఉన్నాయి. వాటికి బంతిపూల దండలు వేసి, కుంకుమ బొట్లు పెట్టారు. ఒక మూల విశ్వకర్మ విగ్రహం ముందు పంతులుగారు పూజ చేస్తున్నాడు.

మా ఆయన పూజ దగ్గర ఉండిపోతే, ఆయన పక్కన పనిచేసే ఛప్రా ఊరి మనిషి ఒకాయన మాకు షాపంతా తిప్పి చూపించాడు. మా అమ్మాయిని ముద్దుగా బిటియా అని పిలుస్తూ అన్నీ విడమరిచి చెబుతున్నాడు. ఎర్రగా కాలిన గేరును ఒక్కసారిగా నూనె తొట్టిలో ముంచితే రాయిలా గట్టిపడుతుందట. ఒక్కోసారి ముక్క మరీ గట్టిగా ఉంటే కోతకు లొంగదట. అప్పుడు దాన్ని మళ్ళీ కాల్చి, వేడి మీదే ఇనప పెట్టెలో పెట్టి మూత వేసి వదిలేస్తారట. నెమ్మదిగా చల్లారుతూ చల్లారుతూ అదే మెత్తబడుతుందట. నేను సగమే విన్నాను. ఆ మూత మాట మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

పూజ అయ్యాక పదిమందీ మా చుట్టూ చేరారు. ఛప్రా ఆయన నన్ను చూపించి, "యే హైఁ చిప్స్ వాలీ భాభీ!" అన్నాడు, చిప్స్ వదిన ఈవిడే అని. ఒక్కసారిగా అందరూ దండాలు పెట్టేశారు. అంత బాగుంటాయట, అంత కరకరలాడతాయట, డబ్బా మూత తీయడమే ఆలస్యం, ఊదేస్తారట. నేను నవ్వుతూనే, మరి మా ఆయన ఎన్ని తింటాడు అని అడిగాను. "దాదా? దాదా తో ఛూతే భీ నహీఁ!" అన్నాడు ఛప్రా ఆయన. దాదా అంటే వాళ్ళకు మా ఆయనే. ముట్టుకోడట. ఇంట్లో మీకోసమే చేసి పంపింది, తినండి అని డబ్బా వాళ్ళ ముందుకు తోస్తాడట. ఆ షాపులో ఎవరి టిఫిను వాళ్ళు తినడం మర్యాద కాదట. పేపరు పరిచి అందరి డబ్బాలూ దాని మీద పెట్టేసుకుని, పక్కవాడిది తింటారట. దాదాకి ఛప్రా ఆయన భార్య చేసే ఆలూ చాప్ అంటే ప్రాణమట. రోజూ రెండు తీసుకుంటాడట. పాపం ఆయన ఎంతో ప్రేమగా చెబుతున్నాడు.

ఆలూ చాప్! బంగాళాదుంప ముద్దను శనగపిండిలో ముంచి నూనెలో దేవేదే కదా! నేను చేతులు కాల్చుకుంటూ, చుక్క నూనెకు ఏడుస్తూ చేసినవి ఊరి మగాళ్ళందరికీ ఆరోగ్యం పంచుతున్నాయి. నా మొగుడు మాత్రం వాళ్ళ నూనె తాగుతున్నాడు. డాక్టరు చేత మాటలు పడింది నేను. పూజ జరిగిన చోట అరవకూడదని పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. కళ్ళలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి.

అప్పుడే పంతులుగారు ప్రసాదం పంచుతూ వచ్చాడు. దోసిట్లో అరటిపండు ముక్క, బూందీ, ఆపిల్ ముక్క, కొబ్బరి ముక్క. మా ఆయన అరటిపండు తిన్నాడు, బూందీ తిన్నాడు. ఆపిల్ మా అమ్మాయి చేతిలో పెట్టాడు. కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి, "నువ్వు తిను" అన్నాడు.

కొబ్బరి! ఇంట్లో కాయ కొడితే చెక్కలోంచి ముక్క ఊడకముందే లాక్కుని పళ్ళతో కొరికే మనిషి. చిన్నప్పుడు మా తాతగారింట్లో ఆ కొబ్బరి ముక్క కోసమే నన్ను ఏడిపించేవాడు. నేను ఆయన మొహం వంక చూశాను. నమిలింది లేదు, బూందీని నాలుకతో అదిమి మింగుతున్నాడు. ఈమధ్య కీరా ముక్కలు కంచంలో వదిలేసి లేవడం, రొట్టెను పప్పులో నాననిచ్చి తినడం, జామకాయ వద్దనడం అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. అన్నిటికీ తిట్టాను. ఒక్కదానికీ ఎందుకని అడగలేదు. ఆ కొబ్బరి ముక్క చేతిలో పట్టుకునే గేటు దాటాను.

ఇంటికి రాగానే తలుపేసి, ఓవెన్ ముందున్న ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టాను.

"బావా, నోరు తెరు."

"ఏటే ఇదీ…"

"తెరవమన్నానా!"

మా అమ్మాయి ఫోను లైటు వేసి పట్టుకుంది. వెనక చిగుళ్ళు రెండు వైపులా ఎర్రగా వాచి ఉన్నాయి. వేలు పెట్టి తాకితే దవడ పళ్ళు ఊగాయి. వేలికి నెత్తురంటింది. మా అమ్మాయి "పాపా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి?"

"ఆస్పత్రి నుంచొచ్చిన కాడ్నుంచి."

"నాకెందుకు సెప్పనేదు?"

రుమాలుతో నోరు తుడుచుకుని మొదలుపెట్టాడు. అంత పొడుగ్గా ఆయన మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. "ఏటి సెప్పమంటావే? తోముకుంటే నెత్తురు. ఆగదు. ఆ నెత్తురు పల్చన సేసే బిళ్ళ వల్లే గదా. బిళ్ళ ఒక్క రోజు మానినా స్టెంటు మూసుకుపోద్దని డాక్టరు సెప్పాడు. పళ్ళు పీకించాలంటే బిళ్ళ ఆపమంటారు. ఆపితే గుండె ఆగిపోద్ది. ఆపకుండా పీకితే నెత్తురాగదు. ఎటెల్లినా సావే గదా అని ఊరుకున్నాను. నాకు బయమేసింది."

ఎర్రటి కొలిమి ముందు వయసంతా నిలబడ్డ మనిషి. భయమంటున్నాడు. నాకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. "బయమేత్తే నాకు సెప్పాల! నాను నీకేటవుతాను? పోనీ ఆ చిప్సులు గట్టిగున్నాయి, నమలనేకపోతన్నానని అయినా సెప్పొచ్చు గదా!"

"సెప్పాను గదే" అన్నాడు. "వేడి మీద మూతెట్టమని ఎన్నిసార్లు సెప్పాను?"

నా కళ్ళు ఓవెన్ పక్కనున్న ఆ స్టీలు డబ్బా మూత మీదికి పోయాయి.

"నువ్వేమో సేతులు కాల్సుకుని అంత కష్టపడి కరకర తెప్పించావు. ఎలా కాదంటాను? షాపులో వాళ్ళు తింటే నీ కష్టం ఉట్టినే పోదు గదా అనుకున్నాను. నాకు ఆకలేసేది. ఆలూ చాప్ మెత్తగుంటాది."

మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. పళ్ళ డాక్టరూ గుండె డాక్టరూ ఫోనులో మాట్లాడుకున్నారు. బిళ్ళ ఆపక్కర్లేదన్నారు. ఒక్కొక్కటే జాగ్రత్తగా తీస్తాం, నెత్తురు ఆగేదాకా దూది కొరుక్కుని కూర్చుంటే చాలన్నారు. ఇంత చిన్న మాట కోసం ఎన్ని నెలలు! పన్ను తీస్తున్నంతసేపూ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. గాజు ఒకటి వంకర పోయింది. బయటికొచ్చాక వరండాలో కూర్చుని నేను ఏడ్చాను, దూది కొరుక్కుంటూ ఆయన నా వీపు నిమిరాడు.

ఇప్పుడు రోజూ రెండు డబ్బాలు. ఒకటి షాపు వాళ్ళకు, ఆరబెట్టి పెళుసుగా చేసినవి. మానేస్తే ఊరుకోరట. రెండోది ఈయనకు. పాపం, ఛప్రా ఆయనకు విషయం తెలిసి ఆలూ చాప్ మీద ఒట్టు పెట్టుకున్నాడు, దాదా చేతికి అందనివ్వనని. మెత్తగా చేయడం సులువనుకుంటారేమో, అదీ ఒక తలనొప్పే. కరకరకు అలవాటు పడ్డ చెయ్యి ఒక్క నిమిషం ఎక్కువ కాల్చేస్తుంది. మళ్ళీ మందంగా ఒత్తడం నేర్చుకున్నాను. ఓవెన్ గంట మోగగానే పల్లెం తీసి, ఆవిరి ఎగురుతుండగానే డబ్బాలో కుమ్మరించి, వేడి మీదే మూత పెట్టేస్తాను. వెనక కుర్చీలోంచి, "ఆఁ, అలాగ!" అని వినిపిస్తుంది. ఒళ్ళు మండుతుంది గానీ ఊరుకుంటాను.

నిన్న రెండోసారి పరీక్షకు రక్తం ఇచ్చొచ్చాం. కాగితం రేపొస్తుంది. ఇవాళ సాయంత్రం టీ పెట్టి డబ్బా మూత తీశాను. ఒకటి తీసి టీలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను. చప్పుడేం లేదు. నెమ్మదిగా నములుతున్నాడు, రెండు వైపులా.

"తగ్గుద్దంటావా?" అన్నాడు ఉన్నట్టుండి.

నోరు మూసుకుని తిను అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. ఆపేసుకున్నాను.

"ఏటనిపిత్తన్నాది నీకు? సెప్పు."

"బయంగున్నాది."

"నాకూను" అన్నాను. డబ్బా ఆయన వైపు జరిపాను, ఇంకోటి తీసుకున్నాడు.